ఓడ రెయిలింగ్ మీద కాశిబుగ్గ దారం

1981లో నేను ఒక సరుకు ఓడలో బోసన్‌ని, అంటే డెక్ మీది ఖలాసీలకు మేస్త్రీని. వరంగల్ కాశిబుగ్గలో, నేతపని వాళ్లింట్లో పుట్టినవాడికి సముద్రంతో ఏం పని అని అందరూ నవ్వేవారు. మగ్గం వదిలి పోయానని మా బాపు నాతో సరిగా మాట్లాడేవాడే కాదు.

ఆ ఏడు పశ్చిమ ఆఫ్రికాలో ఒక రేవు బయట లంగరు వేసి, లోపలికి పిలుపు కోసం ఎదురుచూస్తున్నాం. అక్కడ సముద్రపు దొంగల బెడద ఎక్కువ. చిన్న పడవల్లో వచ్చి, తాడుకు కట్టిన కొక్కెం రెయిలింగ్‌కు విసిరి ఎక్కేస్తారు. ముందురోజే పక్క ఓడ కావలివాణ్ని కత్తులతో నరికారు. పైగా ఎడారి దుమ్ము కమ్మి, పట్టపగలే పది అడుగుల అవతలి మనిషి కనబడటం లేదు.

మా ఓడ స్టెర్న్‌లో, అంటే వెనక కొసన, కాపలా ఓదెలుది. కేసముద్రం మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. ఈ ఉద్యోగంలోకి తెచ్చింది నేనే. వాడికేమైనా అయితే ఆ పిల్లల తల్లికి నా మొహం ఎలా చూపించాలి?

కళ్లు పనిచేయని చోట ఏం చేయాలా అని ఆలోచిస్తుంటే బాపు గుర్తొచ్చాడు. మా వాడలో పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు నూలు, బారుగా సాగదీసి గంజి పెట్టేటప్పుడు, ఆయన ఒక కొసన నూలు మీద చెయ్యి వేసి కూర్చునేవాడు. అవతలి కొసన మేక తగిలినా, తల తిప్పకుండానే "ఎవడ్రా అది!" అని అరిచేవాడు.

ఇంకేం, స్టెర్న్ రెయిలింగ్ పొడవునా సన్నటి నైలాన్ దారాలు రెండు వైపులా బిగించి, కొసలు ఓదెలు చేతుల్లో పెట్టాను.

"అన్నా, ఓడల గూడ మగ్గమేనా? అందరు నవ్వుతాండ్రు."

"నవ్వనియ్ రా. నువ్వు చెయ్యి మాత్రం తియ్యకు. కదిలిందా, గంట కొట్టి లోపటికి ఉరుకు."

మర్నాడు పొద్దున చాయ్ తాగుతుండగా గంట మోగింది. "అన్నా, గుంజుతాంది! ఎడమ దిక్కు!" అంటూ ఓదెలు ఉరికొచ్చాడు. ఫైర్ హోస్‌లు, అంటే మంటలార్పే గొట్టాలు, అప్పటికే సిద్ధంగా పెట్టుకున్నాం. రెయిలింగ్ మీదికి ఒక చెయ్యి రాగానే నీళ్లు వదిలాం. ఆ దెబ్బకు ఇద్దరు సముద్రంలో పడ్డారు. పడవ వాళ్లను ఎక్కించుకుని దుమ్ములో కలిసిపోయింది. వాళ్ల కొక్కెం మాత్రం మాకే మిగిలింది. అబ్బ, ఆ రోజు ఓదెలు తిన్న అన్నం చూడాలి!

సెలవులకు వచ్చినప్పుడు ఆ కొక్కెం బాపు చేతిలో పెట్టి, సంగతంతా చెప్పాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"మగ్గం ఇడ్సిపెట్టి పోయినవనుకున్న బిడ్డా. ఎంబడి తీస్కపోయినవ్."

చిన్ననాడు ఇంట్లో చూసిన పని ఎంత దూరం పోయినా మనిషిని వదలదని అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం బాపు కొక్కెం పట్టుకుని వాడకట్టంతా తిరిగాడు.