నోట్లో సీసపు చేప

మా వీధిలో పళ్ళ బలంలో నాకు పోటీ ఎవరూ లేరు. ఇది తొంభైల నాటి మాట. మా అయ్య ఫిషింగ్ హార్బర్‌లో వలలు అల్లేవాడు. వల నీళ్ళలో మునగాలంటే అంచుకి బరువు కట్టాలి. ఆ బరువు మా పెరట్లోనే పుట్టేది. అయ్య పాత బ్యాటరీల్లోని సీసం తెచ్చి, మూకుట్లో వేసి, పాయసం కాచినంత శ్రద్ధగా కరిగించి, అచ్చుల్లో పోసేవాడు. చల్లారాక ఒక్కో ముక్కకీ చీలిక పెట్టి తాడుకి తొడిగేవాడు. దాన్ని నొక్కి బిగించే పని పిల్లలది. ఇంట్లో ఒక పట్టకారు ఉండేది కానీ అది అయ్యది. మాకు పళ్ళున్నాయి.

“కొరకరా నా పులీ!” అనేవాడు. పులి కొరికేది. అదే చేత్తో చేపల పులుసన్నం తినేది.

బడిలో మాత్రం పులి కాస్తా పిల్లి అయిపోయేది. సోమవారం చెప్పిన ఎక్కం మంగళవారానికి ఆవిరి. “ఒరే, నీ బుర్రలో ఏటుందిరా?” అని మాస్టారు అడిగితే నేను నిజంగానే ఆలోచించేవాణ్ణి. జవాబు దొరికేలోగా గంట కొట్టేసేవారు. ఏడో తరగతి నన్ను కొన్నాళ్ళు భరించింది. తర్వాత నేనే జాలిపడి దాన్ని వదిలేసి ఐసు ఫ్యాక్టరీలో చేరాను.

రెండువేలు దాటాక నాకు పెళ్ళయింది, కూతురు పుట్టింది. పెరట్లో మూకుడు మాత్రం అదే. మనవరాలికి పళ్ళొచ్చాయన్న సంబరంతో అయ్య వేలెడంత సీసపు చేపను పోశాడు. కన్ను, తోక, పొలుసులతో సహా. తాడు కట్టి పిల్ల మెడలో వేశాడు. మెడలో అనడం పేరుకే. అది పొద్దస్తమానం నోట్లోనే ఉండేది.

పిల్లకి మూడేళ్ళొచ్చాయి. పక్కింటి పిల్ల గుక్క తిప్పుకోకుండా తగాదాలాడుతుంటే, మా పిల్ల దగ్గర ఉన్నవి రెండే మాటలు: “ఆ”, “ఊఁ”. అన్నం సరిగా తినదు, కడుపు పట్టుకుని ఏడుస్తుంది.

“ఆల్లయ్యా అంతే, ఆలీసంగానే మాటాడాడు,” అంది అమ్మ. “ఇప్పుడు ఆపమంటే ఆపుతున్నాడేటి?”

మా ఆవిడకి ఆ ఓదార్పు చాల్లేదు. ముగ్గురం ఆటో ఎక్కి పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఇంట్లో ఏం పని చేస్తారని ఆవిడ అడిగారు. నేను పెరడు, మూకుడు, అన్నీ చెప్పి, పిల్ల నోట్లోంచి చేపను లాగి చూపించాను. “మా అయ్య సేసిందండి. సూడండి, పొలుసులు కూడా పెట్టాడు!”

డాక్టరమ్మ పొలుసులు చూడలేదు. రక్తపరీక్ష చేయించారు. మళ్ళీ వెళ్ళినప్పుడు, పిల్ల ఒంట్లో సీసం ఉందన్నారు.

“పసిపిల్లల ఒంట్లోకి సీసం పెద్దవాళ్ళకంటే సులువుగా చేరుతుంది. కాల్షియంలా వేషం కట్టి మెదడు దాకా వెళ్ళిపోతుంది. మాటలు, ధ్యాస, చదువు, అన్నిటినీ వెనక్కి లాగుతుంది.”

నాకు వెంటనే అర్థమైంది. మగపెళ్ళివారి దగ్గర ఆడపెళ్ళివారి మనిషినని, ఆడపెళ్ళివారి దగ్గర మగపెళ్ళివారి మనిషినని చెప్పి బంతిలో కూర్చునేవాడొకడుంటాడు. వాడే ఈ సీసం. కాకపోతే వీడు భోజనమయ్యాక కూడా వెళ్ళడు.

“అయితే నా ఏడో తరగతి కూడా దీనివల్లే పోయిందాండి?”

“అది ఇప్పుడు చెప్పలేం. కారణాలు చాలా ఉండొచ్చు.”

“పోనీ, ఇంటి దగ్గర అలా సెప్పుకోవచ్చాండి?”

మా ఆవిడ నా తొడ గిల్లింది. ఆ తర్వాత తనే అడిగింది: “పిల్లకి మాటలొస్తాయాండి?”

“పోయిందంతా తిరిగొస్తుందని మాటివ్వలేను. ఇవాళే ఆపితే ఇంకా పోకుండా ఉంటుంది. ఆ చేపతో సహా ఇంట్లో సీసమన్నది ఉండకూడదు. చేతులు కడిగించండి, నేల తడిగుడ్డతో తుడవండి, పాలూ రాగులూ ఆకుకూరలూ పెట్టండి. ఎక్కువగా మాట్లాడించండి.”

ఇంటికొచ్చి చెబితే అయ్య ఒంటికాలి మీద లేచాడు. “నాను పుట్టి బుద్ధెరిగినకాడ్నుంచీ కరిగిత్తన్నాను. నాకేటయింది?”

“నీకేటీ అవనేదా?” అంది అమ్మ. “నిన్న కళ్ళజోడు నెత్తి మీద ఎట్టుకుని ఇల్లంతా ఎతికావు. పక్కింట్లో కూడా ఎతికావు.”

“అది వయసే!”

“అయ్యా,” అన్నాను, “నాకు నువ్వు పులి అని పేరెట్టావు. దీనికేటి పేరెడతావు?”

అయ్య నవ్వబోయి ఆగిపోయాడు. మనవరాలి వైపు చూశాడు. అది చేపను ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి తిప్పుతోంది. అయ్య లేచి వెళ్ళి పెరట్లో పొయ్యి ఆర్పేశాడు.

మర్నాటి నుంచి మూకుడు ఇంట్లో లేదు. పెరట్లో పైమట్టి తీయించి కొత్త మట్టి పోయించాం. బజార్లో దొరికే ఇనప బరువుల్ని అయ్య తిట్టుకుంటూనే కొనడం మొదలెట్టాడు. ఇక మిగిలింది చేప. చాక్లెట్ ఇస్తే పిల్ల రెంటినీ నోట్లో పెట్టుకుంది. రబ్బరు చేప ఇస్తే మా అమ్మ మీదికి విసిరింది. లాగబోతే నా వేలు కొరికింది. పళ్ళు నా పోలికే.

చివరికి అయ్యే పిల్లని ఎత్తుకుని హార్బర్‌కి తీసుకెళ్ళాడు. వెనకాలే నేను. కొత్త వల అంచు చూపించి, “ఒలే, సేప నీలల్లోకి ఎల్లి ఆల్లమ్మని సూసొత్తాది. కట్టీదామా?” అన్నాడు. పిల్ల చాలాసేపు ఆలోచించింది. నోట్లోంచి తీసి, లాలాజలంతో సహా తాత చేతిలో పెట్టింది. ఈసారి అయ్య పట్టకారుతోనే బిగించాడు. బోటు వెళ్ళిపోయింది.

చాలా రోజుల తర్వాత ఒక పొద్దున అయ్య హార్బర్ నుంచి వస్తుంటే పిల్ల గుమ్మంలో అడ్డం నిలబడింది.

“తాతా, సేపొచ్చిందా?”

మా ఆవిడ ఏడ్చింది, అమ్మ దిష్టి తీసింది. అయ్య మాత్రం వీధిలో కనబడ్డవాడినల్లా ఆపాడు. “నా మనవరాలికి మాటలు నేర్పింది నానే బావా!”

ఇప్పుడది బడికెళ్తోంది. ఏ పాఠమైనా మళ్ళీ మళ్ళీ చెప్పాలి. చెబుతున్నాం. పన్నెండో ఎక్కం మేమిద్దరం కలిసే మర్చిపోతున్నాం, కలిసే మళ్ళీ మొదలెడుతున్నాం. నాకంటే అది ఒక మెట్టు ముందే ఉంది. అయ్య పక్కనే కూర్చుని చేప గురించి కొత్త అబద్ధాలు తయారు చేసుకుంటుంటాడు. అది రోజూ అడుగుతోంది మరి.