కుడివైపు జేబు

మా వదిన పోయింది. పొద్దున్నే మా అన్న కూతురు ఫోను చేసి, "చిన్నాయనా, అమ్మ ఇంక లేదు" అని, "చీర మాత్రం కొత్తదే కప్పినాం" అన్నది. చావు కబురులో చీర ఊసేమిటని మీకు అనిపించవచ్చు. తొంభై దాటిన ఆ మనిషి ఒంటి మీదికి అంగడి మడత విప్పిన చీర రావడం, నాకు తెలిసి, అది రెండోసారి. మొదటిది పెళ్ళినాడు.

ముత్తుకూరు అవతల, ఉప్పు మడుల్లో మా అన్న పని. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. వదిన కాపరానికి వచ్చేనాటికి ఆమెకు పదహారు, నాకు ఆరు. వచ్చిన మర్నాడే నా చిరిగిన లాగు చూసి, "ఒరే అబ్బయా, విప్పి ఇట్టా పారెయ్. అందాకా గోచీ పెట్టుకో" అన్నది. మా ఇద్దరి మధ్య మొదటి మాట అదే. సాయంత్రానికి లాగు చేతికొచ్చింది. చిరుగు ఎక్కడుందో నేనే వెతుక్కోవలసి వచ్చింది.

ఉప్పుగాలికి గుడ్డ తొందరగా చివుకుతుంది. కొత్తవి కొని ఆ గాలికి అప్పజెప్పే స్తోమత మాకు లేదు. నెల్లూరులో ఒక సందు నిండా పాతగుడ్డల అంగళ్ళుండేవి. గిన్నెలిచ్చి ఇంటింటా పాత బట్టలు పోగేసేవాళ్ళు అక్కడ కుప్పలు పోసేవాళ్ళు. నెలకోసారి వదిన వెంట మూట మోయడానికి నేను పోయేవాణ్ణి. ఆమె బేరం కంటే ముందు వెలుతురు చూసేది. చొక్కాను రెండు చేతులా ఎండకెత్తి, కళ్ళు చికిలించి, "ఇది భుజాన పోయింది. ఇది కడుపు కాడ బాగుండాది, మనిషి తిన్నోడు కాదు" అని చెప్పేది. "గుడ్డ అబద్ధమాడదురా. వెలుతురుకెత్తితే అన్నీ చెప్పేస్తది."

ఒకసారి ఒక ప్లీడరుగారి నల్లకోటు దొరికింది. అది మా అన్న కొడుక్కి రెండు నిక్కర్లయింది. వాడు ఆ నిక్కరు తొడిగిన రోజుల్లో బడిలో అయ్యవారితో వాదనకు దిగేవాడని మా అన్న వాపోయేవాడు. ఇంకోసారి పెళ్ళి బ్యాండువాళ్ళ ఎర్రకోటు. దాన్ని పాపకు పావడా చేస్తే, ఊళ్ళో పిల్లలు అది కనబడ్డప్పుడల్లా నోటితో సన్నాయి ఊదేవాళ్ళు. ఎక్కడికో పోతున్నాను. నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా ఆ పాతగుడ్డలు చుట్టి వచ్చిన కాగితాల మీదే చదువుకున్నాను. సగం సగం కథలు చదివినవాడికి దారి తప్పడం అలవాటవుతుంది.

ఆమె అసలు విద్య తిరగేయడం. వెలిసిన చొక్కాకు బ్లేడుతో కుట్లన్నీ విప్పి, ముక్కల్ని తిప్పి, లోపలి వైపు పైకి వచ్చేట్టు మళ్ళీ కుట్టేది. లోపలి రంగు ఎండ చూడలేదు గనుక కొత్తగా మెరిసేది. చిక్కు ఒకటే. అట్లా తిప్పితే ఎడమనున్న జేబు కుడికి వస్తుంది. తీసి ఎడమకు వేద్దామంటే, కుడివైపు పాత కుట్టు రంధ్రాలు వరసగా బయటపడతాయి. అందుకని మా ఇంట్లో మగవాళ్ళ జేబులన్నీ కుడివైపే. కుట్టడం పూర్తయ్యాక కాలరు మూల పసుపు పెట్టనిదే ఎవరినీ తొడుక్కోనిచ్చేది కాదు. "పసుపు పెడితే కొత్తదే" అనేది. మిషను లేదు. అంతా చేతికుట్టే.

నయాపైసలు వచ్చిన కొత్తల్లో, నెల్లూరులో ఒక బస్సు కంపెనీ వాళ్ళు బుకింగు గుమాస్తా కావాలంటే, తిరగేసిన నీలం చొక్కా ఒకటి తొడుక్కుని వెళ్ళాను. మేనేజరు నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమయ్యా, జేబు కుడివైపుంది. ఎడమచేతివాటమా?"

ఇది తిరగేసిన చొక్కా సార్ అని చెప్పడానికి నోరు రాలేదు. "అవును సార్" అన్నాను.

"భేష్. మా టికెట్ల కిటికీకి కుడివైపు గోడ అడ్డం. నీలాంటివాడే కావాలి."

అట్లా నాకు ఉద్యోగమొచ్చింది. ఇంటికొచ్చి చెబితే వదిన చేతిలో సూది జారిపోయేట్టు నవ్వింది. "ఓరి నీ అసాధ్యం కూల! ఇంక అన్నం కూడా ఎడమచేత్తోనే తింటావా ఏంది?"

నెల తిరిగేసరికి నాకు నవ్వు పోయింది. టికెట్లు ఎడమచేత్తో చించడం, ఎడమచేత్తో రాయడం. "వదినా, చెయ్యి పట్టేస్తాంది" అని మొరపెట్టుకున్నాను.

"ఏడవబాక. ఇంకో చొక్కా చేస్తా, దానికో ఉపాయం ఆలోచించినా. అది తొడుక్కోని పోయి, ఇప్పుడు కుడిచెయ్యి కూడా వచ్చేసింది సార్ అని చెప్పు."

తరువాతి ఆదివారం, మా ఊరిదాకా బస్సు వేయవచ్చా లేదా అని దారి చూడడానికి మేనేజరు జీపులో వచ్చాడు. మజ్జిగకని మా పంచలోకి పిలిచాను. వదిన అక్కడే పాతగుడ్డల మధ్య కూర్చుని కుడుతున్నది. భుజాన రెండు మాసికలున్న చీర. ఒళ్ళో నా చొక్కా.

"ఎవరీమె?" అన్నాడు మేనేజరు.

నా అబద్ధమంతా ఆమె ఒళ్ళో పరిచి ఉంది. వదిన అంటే, ఈ గుడ్డలు మావేనని ఒప్పుకోవాలి. ఆ జేబు సంగతీ ఒప్పుకోవాలి.

"కుట్టుపనికి వస్తుంది సార్."

వదిన తలెత్తి నన్ను చూసింది. వెలుతురుకెత్తి చూసినట్టే చూసింది. తరువాత మేనేజరు వైపు తిరిగి, "అవునయ్యా, ఈ అయ్యగారికి గుడ్డలు కుడతా" అని, మళ్ళీ నా వైపు తిరిగి, "జేబు కుడిపక్కే గదా అయ్యా, తమరికి?" అని అడిగింది. మేనేజరు సంతోషించాడు. మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

జీపు దుమ్ము అణిగాక నేను నవ్వుతూ లోపలికి వచ్చాను. ఆమె చొక్కా మడిచి పెట్టెలో పెడుతున్నది. "అన్నం పెట్టమంటారా, అయ్యా?"

వేళాకోళమనుకున్నాను. మర్నాడూ అదే. మా అన్న, "ఏందే, వాణ్ణి పట్టుకోని అయ్యా అంటావు?" అని కసిరితే, "కూలికి కుట్టేదాన్ని. ఇంకేమని పిలవాలి?" అన్నది. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. పోట్లాడి ఉంటే బాగుండేది. వేళకు అన్నం పెట్టింది, జ్వరమొస్తే కాళ్ళ దగ్గర కూర్చుంది. ఎవరన్నా వింటే ఎంత మర్యాద అనుకునేవాళ్ళు. నా చొక్కా మీద మాత్రం ఆమె సూది మళ్ళీ పడలేదు.

గజాలు పోయి మీటర్లు వచ్చాయి. టెరిలిన్ వచ్చింది. తిరగేయడానికి లోపలంటూ లేని గుడ్డ అది, రెండువైపులా ఒకటే. నేను అవే కొని తొడిగాను. ఒక ఏడు ఆమెకు మంచి వాయిల్ చీర తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టాను. మూలకు పసుపు పెట్టింది. "కూలి ముట్టిందయ్యా" అన్నది. ఆ వారమే దాన్ని కత్తిరించి కూతురికి ఓణీలు చేసింది.

"వదినా, ఒక్కసారి ఒరే అను" అని అడిగాను.

"గుడ్డయితే తిరగేసేదాన్ని. నోరు తిరగడంలేదయ్యా" అన్నది, కోపం లేకుండా.

పోయిన ఏడు చూడబోయాను. అప్పటికే అందరినీ మరిచిపోయింది. కూతుర్ని ఎవరమ్మా నువ్వు అంటున్నది. సూది వెయ్యడానికి వచ్చిన కాంపౌండరును "ఒరే అబ్బయా, నిదానంగా" అన్నది. నా ప్రాణం లేచొచ్చింది. దగ్గరికి జరిగాను. నన్ను చూసి పైట సర్దుకుని, "కూర్చోండయ్యా" అన్నది. అన్నీ చెరిగిపోయిన ఆ బుర్రలో నాకు ఆ ఒక్క స్థానం చెరగకుండా ఉంచింది.

కర్మ అయ్యాక మా అన్న కూతురు పెట్టె అడుగునుంచి ఒక మూట తీసి, "ఇది మీ కొలత మాదిరుండాది చిన్నాయనా" అని ఇచ్చింది. నీటికావి రంగు చొక్కా, తిరగేసినది. పంచలోకి తెచ్చి రెండు చేతులా ఎండకెత్తాను. కుడివైపు పాత రంధ్రాలు ఒక్కొక్కటీ పూడ్చి ఉన్నాయి. అంచు మడతలోంచి అదే గుడ్డ పోగులు లాగి, కంటికి తెలియకుండా. జేబు ఎడమవైపుకు వచ్చింది. అదీ ఆమె ఉపాయం. నేను నా కుడిచేత్తో బతకవచ్చునని.

జేబుకు రెండు వైపులే కుట్టు ఉంది. మూడోవైపు మధ్యలో, నేను మేనేజరుతో ఆ మాట అన్నచోట, సూది తుప్పుపట్టి గుడ్డకు అంటుకుపోయింది. లాగితే గుడ్డ చిరుగుతుంది. వదిలేశాను. ఈ నాలుగు ముక్కలూ ఎడమచేత్తోనే రాస్తున్నాను. ఇన్నేళ్ళ అలవాటుకు ఇప్పుడు కుడిచేయి రాదు.

చొక్కా ఇంట్లో దండెం మీద ఉంది. గాలికి జేబు ఒకవైపు లేచి పడుతుంటుంది. కాలరు మూల పసుపు లేదు.