బొగ్గు చల్లిన మళ్ళు

ఆమెను అందరూ బొగ్గుల పిన్ని అనేవారు. పరిశోధన కేంద్రంలో ప్రయోగపు మళ్ళు చూసేది. కట్టెపుల్లల్ని మూత బిగించిన డ్రమ్ములో మాడ్చి, ఆ బొగ్గుపొడి నేలలో కలిపితే పంట పెరుగుతుందో లేదో తేల్చడం ఆమె పని. సగం మళ్ళకు బొగ్గు కలిపేవారు, సగానికి లేదు. నీరూ ఎరువూ మాత్రం అన్నింటికీ సమానం.

సేద్యం చేసే తమ్ముడికి ఓపిక తక్కువ.

"ఇంకెన్నాళ్ళు నాన్చుతావే అక్కా? వెయ్యమంటావా, వద్దంటావా?"

"ఆగరా. ఎక్కడో ఆమ్ల నేలకు మేలు చేస్తే, మన చౌడు నేలకూ చేస్తుందని రాసిపెట్టి ఉందా?"

పంట మీద పంట బొగ్గు మళ్ళే కళకళలాడాయి. చివరికి ఆమె "వెయ్యరా" అంది. తమ్ముడు చేను మొత్తానికీ చల్లేశాడు.

పైరు పసుపెక్కింది. ఎదుగూ బొదుగూ లేదు. పిన్ని కేంద్రంలోనూ చేలోనూ మట్టి పరీక్షించింది. రెండూ ఒకే చౌడు నేల. వంటింట్లో అదే మాట తలచుకుని కుమిలిపోతుంటే, కేంద్రంలో నీళ్ళు పెట్టే ఆమె మొగుడు తింటున్న కంచం పక్కకు జరిపాడు.

"నేను పేడనీళ్ళు పోశానే. బిందెలకొద్దీ."

"ఏ మళ్ళకి?"

"బొగ్గు మళ్ళకే. అందరూ నిన్ను ఎగతాళి చేస్తుంటే చూడలేకపోయాను. నువ్వు గెలవాలని..."

"గెలవడానికి అదేమైనా పందెమా అయ్యా!"

తిట్టబోయి, అతను జరిపిన కంచం మళ్ళీ అతని ముందుకే తోసింది. ఇంత ప్రేమగా ఆమె కొంప ముంచినవాళ్ళు మరొకరు లేరు.

మర్నాడు కేంద్రంలో ఉన్నదున్నట్టు చెప్పేసింది. ప్రయోగం చెల్లదన్నారు, మళ్ళు దున్నేశారు. అటునుంచి అటే తమ్ముడి దగ్గరికి వెళ్ళి అదే చెప్పింది. అతను వంగి బొగ్గు కలిసిన మట్టి పిడికెడు తీశాడు.

"పోనీ, ఆ బొగ్గు తీసెయ్యొచ్చా?"

"కుదరదురా. అది కుళ్ళదు. మన తర్వాత కూడా ఉంటుంది."

"అయితే బావని పంపించు. బిందె పట్టుకుని ఇక్కడికీ రమ్మను."

ఆ ఎత్తిపొడుపులోనే నిజం ఉందేమోనని ఆమెకు తర్వాత తోచింది. ఉత్త బొగ్గు ముందు మొక్క తిండిని తానే పీల్చేసుకుంటుందేమో. పేడనీళ్ళలో నానబెట్టి వేస్తే పనిచేస్తుందేమో. తేల్చుకోవడానికి ఒక చెక్క నేల కావాలి. కేంద్రంవాళ్ళు ఇవ్వలేదు. తమ్ముణ్ణి అడగడానికి మొహం చెల్లలేదు.

తేలకుండానే పోయింది పిన్ని.