అట్టపెట్టెలో మా పెద్దమ్మ

అమ్మ నన్ను మరిచిపోవడం మొదలయ్యాక నేను చేయని పని లేదు. చిన్నప్పటి ఫొటోలు చూపించాను. ఆమెకు ఇష్టమని పచ్చి కందికాయ ఉడకబెట్టి ఒలిచి పెట్టాను. నీ బిడ్డనే, నీ బిడ్డనే అని రోజంతా పోరు పెట్టాను. తాండూరులో నా దగ్గరికి వచ్చిన రెండేళ్ళలో ఆమె దోమ మండలంలో ఉన్న మా ఊరిని మరవలేదు, వాళ్ళ అక్కను మరవలేదు, ఎప్పుడో చచ్చిపోయిన ఎద్దును కూడా మరవలేదు. నన్నొక్కదాన్నే వదిలేసింది. కోపం రాదా మరి? వచ్చింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నన్ను గుర్తుపడితే చాలనిపించేది.

వికారాబాద్‌లో డాక్టరు మాత్రలు మార్చి, ఆమె చేతులకు ఏదైనా పని ఇవ్వమన్నాడు. ముక్కలు అతికించి బొమ్మ చేసే పజిళ్ళు మంచివన్నాడు. ఆ సంగతి చెబితే అక్కడ నాకు తెలిసిన పాస్టరమ్మ చర్చి బీరువా వెతికి ఒక అట్టపెట్టె ఇచ్చింది. ఎప్పుడో న్యూజిలాండ్ నుంచి వచ్చిన అతిథులు వదిలిపోయారట. మూత మీద పాతకాలపు ఫొటోకు రంగులద్దిన బొమ్మ ఉంది. జుట్టులో కొసలు తెల్లగా ఉన్న నల్లటి ఈకలు, మెడలో పచ్చరాయి, గడ్డం మీద ముదురు రంగు గీతలు. కింద ఇంగ్లీషులో మావోరీ స్త్రీ అని మాత్రం ఉంది. మావోరీలంటే ఆ దేశపు ఆదివాసులట. పేరు లేదు. తెల్లదొరల కాలంలో ఎవడో కూర్చోబెట్టి తీసి ఉంటాడు. ఆమె ఎవరి తల్లో, ఎవరి నాయనమ్మో. పేరడిగే ఓపిక లేదు గానీ, ఆమె మొహాన్ని వంద ముక్కలు కోసి అమ్ముకునే ఓపిక మాత్రం ఉంది. రైల్లో తాండూరు దాకా తిట్టుకుంటూనే వచ్చాను. ఇంకో బొమ్మ ఉంటే అదే తెచ్చేదాన్ని.

అమ్మ ముక్కలను బండల మీద పరుచుకుంది. మూడు రోజులు పట్టింది. ముందు ఈకలు కుదిరాయి, తర్వాత కళ్ళు. గడ్డం ముక్క కూర్చోగానే ఆమె చేతులు ఆగిపోయాయి. తన గడ్డం మీది మూడు పచ్చబొట్టు చుక్కలను తడుముకుని, బొమ్మ గడ్డాన్ని తడిమింది.

"మా అక్క. గీమెను గిట్ల ముక్కలు ముక్కలు ఎవలు కోసిండ్రు?" అంది.

పెద్దమ్మ పోయి చాలా కాలమైంది. అయినా ఆ రోజు నుంచి అమ్మకు తోడు దొరికింది. అన్నం ముద్ద ముందు బొమ్మకు చూపించి తినేది. కంది కోతల ముచ్చట్లన్నీ ఆమెకే చెప్పేది. నేను గిన్నె పట్టుకుని పక్కన కూర్చోబోతే, ఇంటికొచ్చిన పరాయి మనిషికి చెప్పినట్టు మర్యాదగా కూర్చోమనేది. పేరైనా తెలియని ఆ దూరదేశపు మనిషి మీద నాకు అసూయ పుట్టిందంటే నమ్ముతారా? ఒక పొద్దున ఉండబట్టలేక, ఆమె నీ అక్కయితే మరి నేనెవరని బతిమాలి అడిగాను.

అమ్మ నా మొహాన్ని చాలాసేపు చూసింది.

"మావోళ్ళకు గదువ మీద పచ్చబొట్టు ఉంటది. నీకు లేదు గదమ్మా" అంది.

ఎందుకు లేదో నాకు తెలుసు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు పచ్చబొట్టు పొడిచే ఆమె మా వాకిట్లో సూదులు పరుచుకుని కూర్చుంది. చచ్చిపోతే వెంట వచ్చేది అదొక్కటేనని, దాన్ని చూసే పైన మనవాళ్ళు గుర్తుపడతారని పెద్దమ్మ చెప్పేది. నేనూ పొడిపించుకుంటానని ఏడ్చాను. అమ్మే నా రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. బడికి పోయే పిల్లకు వద్దంది. ఆ చదువుతోనే నేను టీచరునయ్యాను.

మావోరీల గడ్డం గీతల గురించి ఫోన్‌లో చదివాను. అవి సింగారం కోసమే కాదట, మనిషి ఏ వంశమో చెప్పే గుర్తులట. చదివి ఫోన్ పక్కన పడేశాను. పిల్లల చార్టులకు వాడే ఆకుపచ్చ స్కెచ్ పెన్ను తీసుకుని, అద్దం ముందు నిలబడి గడ్డం మీద మూడు చుక్కలు పెట్టుకున్నాను. యాభై దాటిన పంతులమ్మను. సిగ్గుగానే ఉంది. వెళ్ళి అమ్మ ముందు కూర్చున్నాను.

ఆమె కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఒక చేత్తో నా దవడ పట్టుకుంది. కొంగు కొస నోట్లో తడిపి నా గడ్డాన్ని గట్టిగా రుద్దింది.

"సదువుకునే పిల్లవు, గివన్నీ నీకెందుకే? బడికి ఆల్శమైతలేదా? పో బిడ్డా."

చుక్కలు పోయేదాకా రుద్దింది. చర్మం మండింది. పోతున్ననమ్మా అన్నాను. నేను కళ్ళు తుడుచుకునేలోపే ఆమె బొమ్మ వైపు తిరిగింది. ఇంకోసారి పిలిస్తే, ఎవరమ్మా నువ్వని అడిగింది.

మర్నాడు మళ్ళీ పెట్టుకున్నాను. ఆ మర్నాడూ పెట్టుకున్నాను. ఏడు నెలలైంది. రోజూ పొద్దున ఆమె ముందు కూర్చుని మొహం పైకెత్తి చూపిస్తాను. ఆ చుక్కలతోనే బడికి పోతాను, పిల్లలు నవ్వడం కూడా మానేశారు. అమ్మ మళ్ళీ ఒక్కసారి కూడా కొంగు తడపలేదు.