తెల్లచీర చెప్పిన అబద్ధం

నలభై ఏళ్లకు పైగా ఒక అబద్ధం నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను నర్సును కాను. పదో తరగతి తప్పి, తొర్రూరులో ఇంట్లో కూర్చున్నదాన్ని. ఎనభైలకు కాస్త ముందు, పసిపిల్లల పాలపొడి అమ్మే ఒక కంపెనీ వాళ్లు నాకు ఉద్యోగమిచ్చి తెల్లచీర కట్టించారు. వరంగల్‌లో వారం పాటు మాకు పాఠం చెప్పిన పెద్దమనిషి మనస్తత్వ శాస్త్రం చదివాడట. డబ్బా సంగతి ముందే ఎత్తొద్దన్నాడు. తల్లికి తన మీద తనకు అనుమానం పుట్టిస్తే చాలు, డబ్బా దానంతటదే అమ్ముడుపోతుందన్నాడు. నర్సులమని మీరు చెప్పకండి, చీరే చెబుతుంది అన్నాడు. మేమంతా నవ్వాం. అబ్బ, ఎంత తెలివైనవాడో అనుకున్నాను!

నెల్లికుదురు దగ్గర ఒక తండాలో సోని కనిపించింది. తొలి కాన్పు. రెండు నెలల ఆడపిల్ల బొద్దుగా ఉంది. ఎత్తుకుంటే చేతులు లాగాయి. ఆ బరువు తెలిసి కూడా అడిగాను.

"పిల్ల ఏడుస్తదా?"

"ఏడ్వని పిల్ల ఉంటదా నర్సమ్మా?" అని నవ్వింది.

"కడుపు నిండకనే ఏడుస్తది. నీ పాలల్ల బలం లేదు."

నవ్వు ఆగిపోయింది. తప్పు చేసినదానిలా కొంగు లాక్కుంది. ఊరికే ఇచ్చే మొదటి డబ్బా ఆమె చేతిలో పెట్టి వచ్చేశాను.

మూడు నెలలకు మళ్లీ పోయాను. పిల్ల లేదు. మొదటి డబ్బా అయిపోయేసరికి సోని పాలు ఎండిపోయాయి. కొన్న డబ్బా ఎక్కువ రోజులు రావాలని, సీసా నిండా నీళ్లు పోసి ఒక్క చెంచా పొడి కలిపేదట. విరేచనాలు పట్టుకున్నాయి. దవాఖానకు చేరేలోపే పోయింది. సోని నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నువ్వు చెప్పినట్టే చేసిన గద నర్సమ్మా. నేనేం తప్పు జేసిన?"

తండా వాళ్లు చుట్టూ మూగారు. నాకు భయమేసింది.

"నీళ్లు మంచిగ మరగబెట్టలేదేమో," అన్నాను.

సోని తలూపింది. నమ్మింది. పక్కనే ఉన్న ఆమె అత్త నెత్తి కొట్టుకుంటూ వాళ్ల భాషలో ఆమెను ఏదేదో అంది. నాకా భాష రాదు, కానీ అర్థమైంది.

అప్పుడైనా మానేశానా? ఛీ, లేదు. ఎన్నికలొస్తే ఒక పార్టీ వాళ్లు పిలిచారు. అదే తెల్లచీర, అవే తండాలు. "మీ భూములు మీకు ఉంటయనుకుంటున్నరా?" అని అడగడం, మొహంలో భయం కనబడగానే గుర్తు చూపించడం. డబ్బా బదులు గుర్తు, అంతే తేడా.

బతుకుదెరువని చెప్పుకున్నాను. మరి ఆ నీళ్ల మాట ఏ బతుకుదెరువు కోసం అన్నాను? వెళ్లి చెప్పేద్దామని రెండుసార్లు బస్టాండు దాకా పోయి వెనక్కి వచ్చాను. సోని ఉంటే ఈపాటికి ముసలిదై ఉంటుంది. బిడ్డను తన చేతులతో తానే చంపుకున్నానని ఇంకా అనుకుంటోందా?

క్షమించమని అడగను. ఆమెకు చదవడం రాదు, ఇది ఆమెకు చేరదు. అయినా ఒక్కసారి, కాగితం మీదైనా అననివ్వండి.

సోనీ, నేను నర్సును కాను. నీ పాలు మంచిగనే ఉండె.