సగం దాకా వచ్చిన ఫోటో

ఫోను వైరు రాని దుకాణాలకు కూడా ఇంటర్నెట్ తెప్పించే మనిషని జయరాజ్‌కు పేరు. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గరి సందులో, మేడమెట్ల కింద అతని దుకాణం. దుకాణం అనడం మర్యాదకు. ఉన్నది ఒక బల్ల, రెండు స్టూళ్ళు. సెల్‌ఫోన్‌కు ఒక కేబుల్ తగిలించి, దాని రెండో కొస కంప్యూటర్ వెనక గుచ్చి, నంబరు కొట్టించి గాలిలోంచి ఈమెయిళ్ళు దింపేవాడు. రెండువేల మూడులో అదేమీ చిన్న విద్య కాదు. బేగం బజార్ సేట్లు కూడా కబురు పెట్టి పిలిపించుకునేవారు.

ఆ పనికి చదువు కన్నా ఓపిక ముఖ్యం. సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో వెతుక్కోవాలి. కిటికీ ఊచ మీద, బీరువా నెత్తిన, నాంపల్లిలో ఒక లాడ్జిలోనైతే ఏకంగా స్నానాలగది వెంటిలేటర్లో. లైను కలిసినా ఫోటోలు పైనుంచి కిందికి గీత గీతగా దిగేవి. మధ్యలో ఎవరైనా ఫోన్ చేశారా, అంతే సంగతులు, మళ్ళీ మొదటికి. విసుక్కునే గిరాకీలను జయరాజ్ నవ్వుతూ సముదాయించేవాడు. బయటివాళ్ళతో అంత ఓపికగా ఉండే మనిషికి ఇంట్లో తమ్ముడి దగ్గర మాత్రం చిటికెడు ఓపిక లేకపోయింది.

తమ్ముడు ఆశీష్‌కి ఇరవై రెండేళ్ళు. ఏ పనిలోనూ నెల నిలవడు, మనసు మాత్రం వెన్న. ఒకరోజు చూసుకోకుండా ఆ కేబుల్‌ని తొక్కి విరగ్గొట్టాడు. ఊరంతా తిరిగినా అలాంటిది ఇంకొకటి దొరకదు. జయరాజ్‌కు ఒళ్ళు మండిపోయింది.

"నువ్వు ఈ ఇంట్ల ఉండి ఏం లాభం రా?"

అన్నం ముందు కూర్చున్న పిల్లవాడు కంచం వదిలి లేచి వెళ్ళిపోయాడు. నాంపల్లి స్టేషన్లో రైలెక్కుతుంటే చూశామని తెలిసినవాళ్ళు చెప్పారు. ఏ రైలో వాళ్ళకూ తెలియదు.

నాలుగు నెలలు గడిచాయి. తల్లి ఇవాంజెలిన్ మెదక్‌లో మిషన్ బడి ఆయాగా చేసి, పని మానేశాక కొడుకుల దగ్గరే ఉంటోంది. ఆ మాట ఎందుకన్నావని ఆమె పెద్దకొడుకును ఒక్కసారీ అడగలేదు. అడిగి తిట్టినా బాగుండేదని అతనికి. ఊరూరి రైల్వే పోలీసులకు తమ్ముడి ఫోటోతో ఉత్తరాలు రాసి, చివర తన ఫోన్ నంబరు, ఈమెయిలు రాసేవాడు.

ఒక ఆదివారం, తల్లీకొడుకులు ఆరాధన ముగించుకుని గుడి నుంచి వచ్చి కూర్చున్నారో లేదో, మహారాష్ట్రలోని ఏదో చిన్న స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. పట్టాల పక్కన ఒక కుర్రవాడి శవం దొరికిందట. ఫోటో ఈమెయిల్లో పంపించామని, మీవాడే అయితే రేపటిలోగా రమ్మని, లేకపోతే ఇక్కడే పూడ్చేస్తామని చెప్పి పెట్టేశారు.

ఇంట్లో పాత కంప్యూటర్ ఒకటుంది. అమ్మను పక్కింటికి పంపేద్దామని చూశాడు. ఆమె స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది. ఫోన్‌ను కిటికీ ఊచకు కట్టి, విరిగినచోట అతికించుకున్న ఆ పాత కేబుల్‌తోనే లైను కలిపాడు. రెండుసార్లు తెగిపోయింది. తెగినప్పుడల్లా అతనికి ప్రాణం లేచి వచ్చింది. మూడోసారి నిలిచింది.

మొదట కంకర రాళ్ళు దిగాయి. తర్వాత దుమ్ము కొట్టుకుపోయిన జుట్టు. జుట్టు ఎవరిదైనా కావచ్చు. ఆ తర్వాత నుదురు మొదలైంది. నుదుటికి ఎడమవైపు, జుట్టు మొదట్లో ఒక సుడి. తమ్ముణ్ణి బడికి తీసుకెళ్ళే రోజుల్లో ఎంత దువ్వినా అణగని సుడి. కనుబొమ్మలు ఇంకా రాలేదు. జయరాజ్ చెయ్యి కంప్యూటర్ వెనక్కి పోయి కేబుల్‌ని లాగేసింది.

"లైన్ పోయిందమ్మా. మనోడు కాదనుకుంట. రేపు మళ్ళ కలుపుత."

సాయంత్రం రైలుకు ఒక్కడే వెళ్దామనుకున్నాడు. తమ్ముణ్ణి మట్టికి అప్పగించి వచ్చి, అమ్మకు ఎప్పటికీ చెప్పకూడదనుకున్నాడు. ఎక్కడో బతికే ఉన్నాడని ఆమె ఎదురుచూస్తూ ఉంటే చాలు. కానీ లైను తెగినా అప్పటికే దిగిన సగం ఫోటో తెర మీదే ఉండిపోతుందని, రోజూ అదే పని చేసే మనిషికి ఆ క్షణంలో తట్టలేదు.

ఇవాంజెలిన్ వంగి, ఆ సుడి మీద వేలు పెట్టింది.

"మళ్ళ కలపకు బిడ్డా. మొకం ఎట్లున్నదో నేను చూడలేను."

ఇంక అతనికి దుఃఖం ఆగలేదు. ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"నేనే పొమ్మన్ననమ్మా వాణ్ణి."

ఆమె కాదనలేదు. ఊరుకోమని ఓదార్చనూ లేదు. లేచి ట్రంకుపెట్టె తెరిచి, ఆశీష్ గుడికి వేసుకునే తెల్ల చొక్కా తీసి ఇస్త్రీ చెయ్యమని అతని చేతికిచ్చింది. రైలుకు ఇంకా రెండు గంటలుంది. అతను ఏడుస్తూనే చేశాడు. ఆమె పట్టుకుని చూసి, కాలరు ముడత పోలేదని తిరిగి ఇచ్చింది. అతను మళ్ళీ చేశాడు.