పెదాలు పిల్లవి, గొంతు ఎవరిది

మా ఆయన పోయాక నన్ను డబ్బింగ్ థియేటర్లే బతికించాయి. తెర మీద జనం అరిస్తే ఆ అరుపుల్లో ఒకటి నాది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. నాకు సంతకం తప్ప రాయడం రాదు, ఇది కూడా చెప్పి రాయిస్తున్నదే. కానీ పెదాలు ఒకరివి, గొంతు ఇంకొకరిదైతే ఇట్టే పట్టేస్తాను.

నా మనవరాలు ఫిల్మ్‌నగర్ బస్తీ బడిలో రెండో తరగతి. ఈ ఏడు ఆ బడికి ట్యాబ్ వచ్చింది. పిల్ల పాఠం చదివితే అది వింటుంది. బాగా చదివితే ఆకుపచ్చ చుక్క, లేకపోతే ఎర్ర చుక్క. ఎర్ర చుక్క పడ్డ పిల్లలను సాయంత్రం గంటసేపు కూర్చోబెట్టి చదివిస్తారు. మా పిల్లకు ఆకుపచ్చ పడింది. ప్యాకెట్ మీద పేరు చదవమంటే లోపల ఏముందోనని ఊపి చూసే పిల్లకు ఆకుపచ్చ ఏమిటి?

ఆ సాయంత్రం పుస్తకం ముందు పెట్టాను. నక్క పాఠం గడగడా అప్పజెప్పింది. మెల్లగా పేజీ తిప్పాను. అక్కడ మామిడి చెట్టు బొమ్మ ఉంది. పిల్ల నోట్లో ఇంకా నక్కే ఉంది.

"ట్యాబ్‌ల ఎట్ల చదివినవ్ బిడ్డా?"

"నేనేడ చదివిన అమ్మమ్మా. టీచర్ ఎన్క నిలబడి చదువుతది. నేను నోరు ఆడిస్తే చాలంట."

మర్నాడు బడికి పోయాను. టీచరమ్మ ట్యాబ్‌ను గుడ్డలో చుట్టి బీరువాలో పెడుతోంది.

"మా పిల్లకు డబ్బింగ్ చెప్తున్నరంట. కాల్షీటుకు ఎంతిస్తున్నరు?" అన్నాను.

ఆమె నవ్వబోయి ఆగింది. "ఏం చేయమంటారండీ? దానికి మన పిల్లల మాట ఎక్కదు. 'వచ్చాడు' అని ఉన్నచోట 'వచ్చిండు' అన్నా తప్పే వేస్తుంది. ఎర్ర చుక్కలు ఎక్కువైతే పాఠం చెప్పలేదని పైవాళ్లు నన్నంటారు."

"మీకు దాని మీద నమ్మకం లేదు. సరే. మా పిల్ల మీదనన్న ఉన్నదా?"

ఆమె ట్యాబ్ చుట్టూ గుడ్డ ఇంకోసారి బిగించింది.

"ఎర్రదే పడనియ్యుండ్రి. ఆకుపచ్చ ఉంటే నా బిడ్డను సాయంత్రం ఎవరు కూసోబెడ్తరు?"

గుడ్డ విప్పింది. పిల్లను పిలిచి, తాను గోడ దగ్గరికి వెళ్లి నిలబడింది. పిల్ల తడుముకుంది, వెనక్కి తిరిగి చూసింది. నేను మాత్రం టీచరమ్మ పెదాలనే చూస్తూ కూర్చున్నాను. అవి కదలలేదు. ఎర్ర చుక్క పడింది.

ఇప్పుడు సాయంత్రాలు కిటికీ బయట నిలబడి వింటాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్న ఆ గొంతు మా పిల్లదే. కానీ నిన్న లెక్కపెడితే గదిలో పిల్లలు ముగ్గురే ఉన్నారు. తరగతిలో ముప్పై మంది. మిగతా ఆకుపచ్చల గొంతు ఎవరిదో.